మెస్కీట్ విండోల మధ్య దారి: నా పరిణామ వృక్షం ఎంతదాకా వచ్చింది

ఏ జంతువు దేనికి దగ్గరి చుట్టమో చూపించడానికి సరదాగా మొదలుపెట్టిన పరిణామ వృక్షం ఒక రూపానికి వచ్చింది. ఎనిమిది జంతువులు, తొమ్మిది లక్షణాలు, మూడు చెట్లు అన్నీ ఒకే ఫైల్‌లో ఉన్నాయి. వాడుతున్న సాఫ్ట్‌వేర్ మెస్కీట్. దీన్ని తయారుచేసిన వేన్ మాడిసన్, డేవిడ్ మాడిసన్ అన్నదమ్ములు. ఒకరు గెంతే సాలీళ్ల మీద, ఇంకొకరు పెంకు పురుగుల మీద పరిశోధన చేసే జీవశాస్త్రవేత్తలు. మెస్కీట్ ఉచితం. జావా మీద నడుస్తుంది కాబట్టి విండోస్, మాక్, లైనక్స్ దేంట్లోనైనా పని ఒకేలా సాగుతుంది.

కొత్తగా తెరిచినవాళ్లను కంగారు పెట్టేవి మెనూలు. నిన్న చూసిన ఆప్షన్ ఈరోజు కనబడదు. కారణం ఏమిటంటే, ఏ విండో ముందుంటే దానికి సంబంధించిన మెనూలే పైన వస్తాయి. క్యారెక్టర్ మాట్రిక్స్ (లక్షణాల పట్టిక) ట్యాబ్ ముందుంటే ‘మాట్రిక్స్’ మెనూ ఉంటుంది. ట్రీ విండో ట్యాబ్ నొక్కగానే అది పోయి ‘ట్రీ’, ‘డ్రాయింగ్’ లాంటివి వస్తాయి. అందుకే ఏదైనా కనబడకపోతే ముందు ఏ ట్యాబ్‌లో ఉన్నానో చూసుకుంటాను. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఎడమవైపు ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఫైల్‌లో ఉన్న జంతువుల జాబితా, మాట్రిక్స్, చెట్లు వరుసగా ఉంటాయి. దారి తప్పితే అక్కడ పేరు మీద నొక్కితే చాలు. ఏ టూల్ ఎందుకో తెలియకపోతే మౌస్‌ని దాని మీద పెట్టి విండో కింద అంచు చూడాలి, వివరణ అక్కడ వస్తుంది. ఆ చిన్న అక్షరాలు చదవడం అలవాటైతే మాన్యువల్‌తో పని బాగా తగ్గుతుంది.

ఇక డేటా. ‘ఫైల్’ మెనూలో ‘న్యూ’ నొక్కి ఫైల్‌కి పేరు పెడితే, ఎన్ని టాక్సాలు (పోల్చాల్సిన జీవులు) కావాలని అడుగుతుంది. అదే డబ్బాలో మాట్రిక్స్ కూడా చేయమని టిక్ పెట్టొచ్చు. రకం అడిగినప్పుడు ‘స్టాండర్డ్ కేటగోరికల్’ ఎంచుకున్నాను, ఎందుకంటే నావి ఉంది-లేదు లక్షణాలు. అడ్డ వరుసల్లో సొరచేప, ట్రౌట్, కప్ప, బల్లి, మొసలి, పావురం, గబ్బిలం, ఎలుక. నిలువు వరుసల్లో మొదట ఎనిమిది లక్షణాలు: ఎముకల అస్థిపంజరం, నాలుగు కాళ్లు (రెక్కలుగా మారినవీ లెక్కే), పిండం చుట్టూ ఉల్బపు పొర, వెంట్రుకలు, నాలుగు గదుల గుండె, ఒంటి వేడిని స్థిరంగా ఉంచుకోవడం, రెక్కలు, కందనకాయ. లక్షణం ఉంటే 1, లేకపోతే 0, తెలియకపోతే ప్రశ్నార్థకం. స్టేట్ నేమ్స్ ఎడిటర్‌లో 0, 1లకు మాటల్లో పేర్లు ఇచ్చేయడం మంచిది. తర్వాత చెట్టు మీద రంగులు వేసినప్పుడు పక్కన ఆ పేర్లే వస్తాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. టాక్సాల జాబితాలో మొసలి, పావురం వరుసలు సెలెక్ట్ చేసి మాట్రిక్స్ ట్యాబ్‌కి వెళ్తే, అక్కడా అవే రెండు వరుసలు సెలెక్ట్ అయి ఉంటాయి. విండోలు ఎన్ని తెరిచినా లోపల డేటా ఒక్కటే, ఒక్కో విండో దాన్ని ఒక్కో వైపు నుంచి చూపిస్తుంది. ఇది అర్థమయ్యాక మెస్కీట్ అంటే టెన్షన్ పోయింది. మాట్రిక్స్‌లో ఒక గడి మారిస్తే ట్రీ విండోలో రంగు కూడా మారుతుంది. ఇది కళ్లారా చూడాలంటే ఒక ట్యాబ్‌ను విడి విండోగా బయటికి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

చెట్టు కోసం ‘టాక్సా అండ్ ట్రీస్’ మెనూలో కొత్త ట్రీ విండో తెరిచి, డిఫాల్ట్ ట్రీస్ తీసుకున్నాను. అది ఇచ్చే చెట్టుకి మన డేటాతో సంబంధం ఉండదు, కొమ్మలు మనమే సర్దుకోవాలి. బాణం టూల్‌తో ఒక కొమ్మని పట్టి లాగి ఇంకో కొమ్మ మీద వదిలితే అక్కడ అతుక్కుంటుంది. అలా సొరను మొదట్లో ఉంచి, దాని తర్వాత ట్రౌట్, కప్ప పెట్టాను. మిగిలినవాటిలో గబ్బిలం-ఎలుక ఒక జట్టు. బల్లి, దానికి దగ్గరగా మొసలి-పావురం ఇంకో జట్టు. శాస్త్రవేత్తలు ఒప్పుకునే అమరిక ఇదే.

ఇప్పుడు ‘అనాలిసిస్:ట్రీ’ మెనూలో ‘వాల్యూస్ ఫర్ కరెంట్ ట్రీ’, అందులో ‘ట్రీలెంగ్త్’. చెట్టు పక్కన ఒక అంకె వస్తుంది. ఈ చెట్టు నిజమైతే లక్షణాలన్నీ కలిపి కనీసం ఎన్నిసార్లు మారాల్సి వచ్చిందో ఆ అంకె చెబుతుంది. పార్సిమొనీ పద్ధతిలో అది ఎంత తక్కువైతే చెట్టు అంత మంచిది. నా చెట్టుకి 11 వచ్చింది. పావురాన్ని లాగి గబ్బిలం పక్కన పెట్టాను. మళ్లీ 11! గబ్బిలం-ఎలుక జట్టును విడదీయకుండా, ఆ జట్టు మొత్తానికి దగ్గరి చుట్టంగా పక్కన పెట్టినా 11 దగ్గరే ఆగింది.

దీన్ని ఒక్కో లక్షణంగా విప్పి చూడటానికి ‘ట్రేస్ క్యారెక్టర్ హిస్టరీ’ వాడాను. కొమ్మలు రంగులు దిద్దుకుంటాయి, చిన్న లెజెండ్ పెట్టెలో ఎన్ని మార్పులో రాసి ఉంటుంది, అక్కడి బాణాలతో లక్షణం నుంచి లక్షణానికి వెళ్లొచ్చు. పావురం మొసలి పక్కన ఉంటే రెక్కలు రెండుసార్లు, స్థిరమైన ఒంటి వేడి రెండుసార్లు పుట్టాలి. గబ్బిలం పక్కకి తెస్తే అవి ఒక్కోసారే, కానీ వెంట్రుకల లెక్క, కందనకాయ లెక్క ఒకటి నుంచి రెండుకు పెరుగుతాయి. ఒకచోట మిగిలింది ఇంకోచోట ఖర్చయిపోతోంది.

పక్షుల్ని క్షీరదాల పక్కన పెట్టడం వట్టి ఆట కాదు. 1982లో బ్రయన్ గార్డినర్ అదే వాదించారు. వేడి నెత్తురు లాంటి పోలికలు ఆయనకి బలంగా కనిపించాయి. 1988లో గోతియే, క్లూగ్, రో శిలాజాలను కూడా లెక్కలోకి తెచ్చి, పక్షులు మొసళ్ల వైపే నిలుస్తాయని చూపించారు. నిపుణుల మధ్య అంత చర్చ జరిగిన ప్రశ్న నా చిన్న మాట్రిక్స్‌లోనూ తేలకపోవడం చూసి ఒళ్లు పులకరించింది.

శిలాజాల వివరాలు నా పట్టికలో లేవు కాబట్టి ఇంకో నిలువు వరుస కలిపాను: బీటా కెరాటిన్. పొలుసుల్లో, గోళ్లలో, ఈకల్లో ఉండే ఈ ప్రొటీన్ బల్లి, మొసలి, పావురం మూడింటికీ ఉంది. క్షీరదాల వెంట్రుకల్లో ఉండేది వేరే రకం. ఆ మూడు 1లు పడ్డాక మొదటి చెట్టు 12, మిగతా రెండూ 13. తేడా ఒక్క మెట్టే, దాని మీద పెద్ద నమ్మకం పెట్టుకోకూడదు. అయినా ఏ సాక్ష్యం తరాజును ఎటు వంచిందో వేలు పెట్టి చూపించగలుగుతున్నాను.

సేవ్ గురించి ఒక ముఖ్యమైన మాట. కొమ్మలు కదిపిన చెట్టుని ‘ట్రీ’ మెనూలోని ‘స్టోర్ ట్రీ యాజ్’తో పేరుపెట్టి దాచుకోవాలి. మూడు అమరికల్నీ అలాగే దాచాను కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసుకోగలుగుతున్నాను. ఫైల్ నెక్సస్ ఫార్మాట్‌లో ఉంటుంది. మాడిసన్‌లు, స్వాఫర్డ్ కలిసి 1997లో ప్రచురించిన ఆ ఫార్మాట్ మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే టాక్సాలు, క్యారెక్టర్లు, చెట్లు విడివిడి బ్లాకులుగా కనిపిస్తాయి. చివర మెస్కీట్ పేరుతో ఇంకో బ్లాక్ ఉంటుంది, అందులో ఏ విండోలు తెరిచి ఉన్నాయో, ఏ విశ్లేషణ నడుస్తోందో రాసుకుంటుంది. మళ్లీ ఫైల్ తెరిచినప్పుడు అన్నీ వదిలిన చోటే ఉండేది దాని వల్లే. ఆ బ్లాక్‌ను చేత్తో దిద్దకుండా వదిలేయడం మేలు.

తర్వాతి పని తాబేలు. చిక్కేమిటంటే, ఈ తొమ్మిది లక్షణాల్లో తాబేలు వరుస బల్లి వరుసతో అచ్చంగా కలిసిపోతుంది, రెండింటినీ విడదీసే గడి ఒక్కటీ లేదు. డీఎన్‌ఏ అధ్యయనాలేమో తాబేలుని మొసలి, పక్షుల వైపు పెడుతున్నాయి. అదే టాక్సాలకి అదే ఫైల్‌లో రెండో మాట్రిక్స్ పెట్టుకునే వీలుంది కాబట్టి, డీఎన్‌ఏ రకం మాట్రిక్స్ ఒకటి కలిపి సీక్వెన్సులు ఎక్కించబోతున్నాను.