చప్పట్లు ఎక్కడ పడాలో ముందే రాసి ఉంటుంది

ఎన్నికల సభలో చప్పట్లు పడే చోటు చాలాసార్లు ఉపన్యాసం రాసేటప్పుడే ఖాయమవుతుంది. బ్రిటన్ పరిశోధకుడు మాక్స్ అట్కిన్సన్ 1980ల్లో రాజకీయ ప్రసంగాల రికార్డింగులు పదేపదే విని ఒక సంగతి పట్టుకున్నాడు. మూడు మాటల వరస పూర్తయినప్పుడు, ఎదురెదురుగా పెట్టిన రెండు మాటల్లో రెండోది పడినప్పుడు జనం చప్పట్లు కొడతారు. వేలమంది ఒకేసారి చేతులు కలపాలంటే వాక్యం ఎక్కడ ముగుస్తుందో అందరికీ ఓ క్షణం ముందే తెలియాలి కదా! మూడో మాట, రెండో సగం ఆ సైగ ఇస్తాయి. అంటే చప్పట్ల జోరును బట్టి వాక్యం ఎంత బాగా కట్టారో తెలుస్తుంది, అందులో నిజమెంతో తెలియదు.

1971 ఎన్నికల్లో ప్రతిపక్షాలు ‘ఇందిరా హటావో’ అంటే, ఇందిరాగాంధీ ‘గరీబీ హటావో’ అన్నారు. ప్రత్యర్థుల నినాదంలో ఒక్క మాట మార్చి వాళ్ల మీదికే తిప్పారు. పేదరికాన్ని ఎలా తొలగిస్తారన్న ప్రశ్నకు ఆ రెండు మాటల్లో చోటే లేదు. ఇలాంటిది విన్నప్పుడు ఎదుటివాళ్లను దెబ్బకొట్టే సగాన్ని కొట్టేసి, మిగిలింది కాగితం మీద పెట్టండి. ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎప్పటిలోగా, ఏ డబ్బుతో? నాలుగింటిలో రెండింటికైనా జవాబు దొరక్కపోతే అది నినాదమే, హామీ కాదు.

ప్రశ్న ఇంతకంటే బలమైన ఆయుధం. 1980 అక్టోబర్ 28న అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్‌తో జరిగిన ఎన్నికల చర్చలో ఆయన ప్రత్యర్థి రీగన్ ఓటర్లను అడిగింది ఇదే: నాలుగేళ్ల కిందటికంటే ఇప్పుడు మీ పరిస్థితి మెరుగ్గా ఉందా? తను నిందించలేదు, జవాబు వినేవాళ్లచేతే చెప్పించాడు. మన నోటితో మనమే చెప్పుకున్న జవాబును మనం అనుమానించం. కానీ అక్కడ ఒక మెట్టు దాటేశారు. 1979 ఇరాన్ విప్లవం తర్వాత చమురు ధరలు ఎగసిన రోజులవి. కష్టం నిజమే. అందులో ప్రభుత్వం వాటా ఎంత, వచ్చేవాళ్లు దాన్ని తీర్చగలరా అన్నవి వేరే ప్రశ్నలు. ఈ రెండూ ఎవరికి వాళ్లు విడిగా వేసుకోవాలి.

స్పష్టమైన హామీకి తూకం ఉంటుంది, అందుకే అది వక్తకే ప్రమాదం. ‘కొత్త పన్నులుండవు’ అని 1988 ఆగస్టులో అమెరికా అధ్యక్ష అభ్యర్థిగా గట్టిగా చెప్పిన జార్జ్ బుష్ సీనియర్, అధ్యక్షుడయ్యాక 1990లో పన్నుల పెంపునకు ఒప్పుకున్నాడు. 1992 ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆ వాక్యాన్నే ఆయన మీద ప్రయోగించారు, ఆయన ఓడిపోయాడు. జాగ్రత్తపరులు అందుకే క్రియను సడలిస్తారు.

తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది కనుక చివరి మాట మీదే కన్నుంచాలి. ‘ఇస్తాం’ అంటే మాట. ‘ఇచ్చేందుకు చర్యలు తీసుకుంటాం’ అంటే సగం మాట. ‘ఇచ్చే దిశగా ఆలోచిస్తున్నాం’ అంటే ఏమీ లేదు. తప్పుల దగ్గర ‘చేశాం’ పోయి ‘జరిగాయి’ వస్తుంది, చేసినవాడు మాయమవుతాడు. మేము, మనం అన్న తేడా కూడా తెలుగులో గొప్ప ఆధారం. ఘనత చెప్పేటప్పుడు ‘మేము కట్టాం’, భారం మోయించేటప్పుడు ‘మనం ఓర్చుకోవాలి’. ఒకే ప్రసంగంలో ఈ రెండూ ఎక్కడెక్కడ మారాయో గుర్తుపెట్టండి, ఖర్చు ఎవరి నెత్తిన వేస్తున్నారో బయటపడుతుంది.

ఇదంతా వీడియో చూస్తూ చేయడం కష్టం. గొంతు, సంగీతం, జనం హోరు మనల్ని లాక్కుపోతాయి. ప్రసంగ పాఠం దొరికితే ముందు అది చదవండి. క్రియల కింద గీత గీసి, హామీలను ఒక పక్కకు రాసుకున్నాకే వీడియో పెట్టండి.