పాలు తగ్గాయా, పంపు పాడైందా?

మెటర్నిటీ లీవ్ అయిపోయి మళ్ళీ ఆఫీసుకి వెళ్తూ, బిడ్డ కోసం బ్రెస్ట్ పంపుతో (రొమ్ము నుంచి పాలు పిండే మెషీన్‌తో) పాలు తీసి పెట్టడం మొదలెట్టాక ఇక్కడ అమెరికాలో మన అమ్మాయిలు చాలామంది అనే మాట ఒకటే, "పాలు తగ్గిపోయాయి అక్కా". నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే, "వాల్వ్ ఎప్పుడు మార్చావ్?" అవతల కాసేపు సౌండ్ ఉండదు, తర్వాత "వాల్వా, అదేది?" అని వస్తుంది.

వాళ్ళ తప్పేం లేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "పాలు చాలట్లేదేమోనే, డబ్బా పాలు మొదలెట్టు" అంటుంది, అత్తగారు "సరిగ్గా తినట్లేదేమో" అంటారు. ఇద్దరూ ప్రేమగానే చెప్తారు, కానీ వాళ్ళు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పాలు పట్టినవాళ్ళు, మెషీన్‌తో పాలు పిండాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. అందుకే సలహాలన్నీ మన ఒంటి మీదకే వస్తాయి, పంపు మీదకి ఎవరి దృష్టీ పోదు. నిన్నటిదాకా బానే వచ్చి ఉన్నట్టుండి సగమైపోతే ముందు అనుమానించాల్సింది మెషీన్‌నే.

వాల్వ్ సంగతి చూద్దాం. బాటిల్ పైన బిగించే ముక్క కింద తెల్లగా మెత్తగా బాతు ముక్కులా ఒక సిలికాన్ ముక్క ఉంటుంది, డక్‌బిల్ వాల్వ్ అంటారు. దాని కొసన సన్నటి చీలిక. పంపు లాగినప్పుడు ఆ చీలిక మూసుకోవాలి, వదిలినప్పుడు తెరుచుకుని పాలు కిందకి జారాలి. రోజూ వాడగా వాడగా ఆ చీలిక వదులైపోతుంది. వెలుతురుకి పెట్టి చూడండి, నొక్కకుండానే చీలికలోంచి వెలుతురు కనిపిస్తుంటే దాని పని అయిపోయినట్టే, మోటారు ఎంత లాగినా గాలి అక్కడినుంచి దూరిపోతుంది. కొన్ని పంపులకి డక్‌బిల్ బదులు పల్చటి గుండ్రటి మెంబ్రేన్ ఉంటుంది, అంచు కొద్దిగా పైకి లేచినా, తడి ఎక్కువై వంకరగా కూర్చున్నా అదే సమస్య. ఆఫీసు రోజుల్లో మూడు నాలుగు సార్లు పంప్ చేసేవాళ్ళు నెలకో రెండు నెలలకో వాల్వులు మార్చేయడం మంచిది, మీ పంపు మాన్యువల్‌లో ఎంత రాస్తే అంత. ఇంకోటి, బాటిల్ కడిగే బ్రష్ ఆ చీలికలో పెట్టి తోమకండి, శుభ్రం కోసమని చేసే ఆ పనికే అది చిరిగిపోయేది. ఒక జత స్పేర్ ఎప్పుడూ ఆఫీసు డ్రాయర్‌లో పడేసి ఉంచండి, ఎందుకంటే కడిగేటప్పుడు సింక్‌లోకి జారిపోయేది కూడా అదే.

వాల్వ్ బానే ఉందా, అయితే లోపం మోటారుదా ముక్కలదా తేల్చుకోవాలి. మోటారు నుంచి బాటిల్ వైపు వెళ్ళే ట్యూబ్ పీకేసి, పంపు ఆన్ చేసి, గాలి లాగే రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. వేలు గట్టిగా లాగుతుంటే మోటారు బానే ఉంది, తేడా ట్యూబులోనో వాల్వ్‌లోనో బిగింపులోనో ఉంది. లాగట్లేదంటే ముందు ఛార్జింగ్ చూడండి, అడాప్టర్‌కి పెట్టి మళ్ళీ చూడండి, బ్యాటరీ దిగిపోతున్నప్పుడు శబ్దం మామూలుగానే ఉండి సక్షన్, అంటే లాగే బలం మాత్రం తగ్గిపోతుంటుంది. అడాప్టర్ మీద కూడా లాగకపోతే అప్పుడు కంపెనీకి ఫోన్ కొట్టండి, వారంటీ ఉంటుంది.

ట్యూబులో నీటి బిందువులు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, సెషన్ అయ్యాక ట్యూబు మాత్రం పెట్టి పంపుని ఇంకో రెండు మూడు నిమిషాలు ఊరికే ఆడించండి, ఆరిపోతుంది. కానీ పాలు ఎక్కినా, నల్లగా బూజు చుక్కలు కనిపించినా కడిగి వాడే ప్రయత్నం చెయ్యొద్దు, పారేసి కొత్తది పెట్టుకోండి.

ఇక ఫ్లాంజ్, అంటే రొమ్ముకి ఆనించే గరాటా ముక్క. నన్నడిగితే ఎక్కువమంది బాధపడేది దీనివల్లే. చాలా పంపుల డబ్బాలో 24, 28 మిల్లీమీటర్ల సైజులు వస్తాయి, ఇచ్చారు కదా అని అవే పెట్టేసుకుంటాం. స్కేలు తీసుకుని పంప్ చెయ్యకముందు నిపుల్ మొదలు దగ్గర అడ్డంగా కొలిస్తే 17 అనో 19 అనో తేలేవాళ్ళు బోలెడుమంది. రొమ్ము సైజుకీ దీనికీ సంబంధం లేదు, నిపుల్ వెడల్పే లెక్క, రెండు వైపులా ఒకటే ఉండాలని కూడా లేదు. కొలతకి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. పెద్దదైతే చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా గొట్టంలోకి లాక్కుపోయి, తీసేసరికి ఉబ్బి ఉంటుంది, పాలు సరిగ్గా రావు. చిన్నదైతే నిపుల్ గోడలకి రాసుకుని మంట, కొస తెల్లబడుతుంది. పెద్దదైనందుకు కొత్త ఫ్లాంజ్ కొనక్కర్లేదు, ఉన్నదాని లోపల పెట్టుకునే సిలికాన్ ఇన్సర్టులు దొరుకుతాయి.

నొప్పి పెడుతున్నా పళ్ళు బిగబట్టి సక్షన్ ఫుల్ పెట్టేవాళ్ళున్నారు, ఎక్కువ లాగితే ఎక్కువ వస్తాయని. అది రివర్స్. పాలు చేపాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రావాలి, నొప్పి టెన్షన్ ఉంటే అదే ఆగిపోతుంది. మొదట ఒకటి రెండు నిమిషాలు వేగంగా తేలిగ్గా లాగే మోడ్, ధార మొదలయ్యాక నెమ్మదిగా లోతుగా లాగే మోడ్, నొప్పి పెట్టని చోట ఆపెయ్యాలి. ధార ఆగిపోయాక మళ్ళీ ఆ మొదటి మోడ్‌లోకి వెళ్తే రెండోసారి చేపుతుంది చాలామందికి. చేత్తో మెల్లగా నిమురుతూ చేస్తే ఇంకా మంచిది. పంపు పెట్టుకుని మేనేజర్ మెసేజ్‌లకి రిప్లై ఇస్తూ బాటిల్ వంక నిమిషానికోసారి చూస్తుంటే చుక్క పడదు, ఫోన్లో పాప వీడియో పెట్టుకోండి, బాటిల్‌కి ఒక సాక్స్ తొడిగెయ్యండి.

బ్రా లోపల పెట్టుకునే వేరబుల్ పంపుల గురించి అడుగుతుంటారు. మీటింగుల మధ్యలో సుఖమే, కాదనను, కానీ అదొక్కటే నమ్ముకుని రోజంతా నడిపిస్తే కొందరికి సరిపోదు, లోపల కనపడదు కాబట్టి కొద్దిగా పక్కకి జరిగినా తెలియదు. ఒక్క సెషనైనా రెండు వైపులా ఒకేసారి తీసే మామూలు డబుల్ పంపుతో చేసుకుంటే నిశ్చింత.

అసలు నిజంగా తగ్గాయా అన్నది కూడా చూసుకోవాలి. నెల నుంచి ఆరు నెలల పిల్లలు తల్లిపాలు రోజుకి సగటున 25 ఔన్సులు, అంటే ఓ 750 మి.లీ. తాగుతారు. అంటే మీరు ఇంట్లో లేని ఒక్కో గంటకి ఔన్సు, ఔన్సున్నర చొప్పున వేసుకోండి. మూడు గంటల గ్యాప్ తర్వాత రెండు వైపులా కలిపి మూడు నాలుగు ఔన్సులొస్తే అది తక్కువ కాదు తల్లీ, ఫ్రీజర్ నిండా పాల ప్యాకెట్లు పేర్చి ఫోటోలు పెట్టేవాళ్ళతో పోల్చుకోకండి. రెండు మూడు నెలలకి రొమ్ములు మెత్తబడటం కూడా మామూలే, శరీరం లెక్క నేర్చుకుందని అర్థం. పాప బరువు బానే పెరుగుతోందా, డైపర్లు బానే తడుస్తున్నాయా, అవే కొలత.

మెషీన్ అంతా బావుండీ పాలు తగ్గడానికి ఇక్కడ ఇంకో పెద్ద కారణం, స్కిప్ చేసిన సెషన్లు. పదకొండింటికి వెళ్దామనుకుంటే మీటింగ్ లాగుతుంది, ఒంటిగంటకి క్లయింట్ కాల్. "హెచ్‌1బీ మీద ఉన్నాను, బ్రేకులు అడిగితే ఏమనుకుంటారో" అని మనవాళ్ళు నోరు మెదపరు. 2022 డిసెంబర్ 29న సంతకమైన పంప్ యాక్ట్ ప్రకారం బిడ్డ పుట్టాక ఏడాది వరకు అవసరమైనప్పుడల్లా బ్రేక్ ఇవ్వాలి, బాత్రూమ్ కాని, బయటికి కనపడని, ఎవరూ తోసుకుని రాని చోటు చూపించాలి. జీతం మీద పనిచేసేవాళ్ళకి ఆ టైమ్ పేరుతో కోత పెట్టకూడదు. 50 మంది కంటే తక్కువున్న కంపెనీలకి కొన్ని మినహాయింపులున్నాయి, వీసా రకానికి మాత్రం సంబంధం లేదు. కేలెండర్‌లో బ్లాక్ పెట్టుకోండి, కారణం రాయక్కర్లేదు, "బిజీ" అని చాలు. చోటు గురించి లీవ్‌లో ఉండగానే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, మొదటిరోజు వెళ్ళి అడిగితే మదర్స్ రూమ్ (పాలు తీసుకునే గది) తాళం ఎవరి దగ్గరుందో వెతకడంతోనే సగం పూట పోతుంది.

కమ్యూనిటీ గ్రూపుల్లో "వాడిన పంపు, ఫ్రీ" అని పోస్టులొస్తుంటాయి. మంచి మనసుతోనే పెడతారు, అయినా తీసుకోకండి. మామూలు పంపులు ఒక్కరు వాడటానికే, ఇక్కడ మందులు, వైద్య పరికరాల మీద నియంత్రణ ఉండే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పేది కూడా అదే, ట్యూబులు మార్చినా లోపలికి వెళ్ళిన తేమని మనం కడగలేం. ఇక్కడ చాలా హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్లు పంపు ఇవ్వాల్సిందే, 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ పుణ్యం. విడిభాగాలు కూడా ఇస్తారేమో అదే కాల్‌లో అడగండి.

రొమ్ములో గడ్డలా తగిలి నొప్పిగా ఉంటే గట్టిగా పిసికి కరిగించమని చెప్తారు చూడండి, అది చెయ్యొద్దు, వాపు ఇంకా పెరుగుతుంది. చల్లటి కాపడం పెట్టి, మామూలుగా ఎన్నిసార్లు తీస్తారో అన్నిసార్లే తియ్యండి, ఖాళీ చేసేద్దామని అదనంగా పంప్ చెయ్యకండి. జ్వరం, ఎరుపు, ఒళ్ళు నొప్పులు కలిసొస్తే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే.

ఆఫీసు పని మీద ఫ్లైట్ ఎక్కాల్సొస్తే పాప పక్కన లేకపోయినా తీసిన పాలు, ద్రవాలకి పెట్టిన 3.4 ఔన్సుల పరిమితి దాటినా క్యారీఆన్‌లో పట్టుకెళ్ళొచ్చు, ఐస్ ప్యాకులు కూడా, సెక్యూరిటీ దగ్గర ముందే చెప్పి బయటికి తీసి పెట్టండి. ఇండియా వెళ్తుంటే అడాప్టర్ వెనక చిన్నక్షరాలు చదవండి, 100-240 వోల్ట్స్ అని ఉంటే ప్లగ్ కన్వర్టర్ చాలు, 120 అని మాత్రమే ఉంటే అక్కడ గోడకి పెట్టకండి, కాలిపోతుంది.