పొగమంచు ఇచ్చిన గంటంపావు

పోయిన వారం ఒక పొద్దున మా బడిలో నాకు గంటంపావు సమయం ఊరికే దొరికింది. బడిలో పనిచేసేవాళ్ళకు అది ఎంత పెద్ద సంగతో తెలుసు కాబట్టి, ముఖ్యంగా వాళ్ళ కోసమే రాస్తున్నాను.

నేను ఉండేది విజయవాడ వన్‌టౌన్‌లో. బడి కృష్ణకు అవతల, ఉండవల్లి దాటాక కరకట్ట దగ్గర. రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగా స్కూటీ మీద వెళ్తాను. ఆ రోజు బ్యారేజీ ఎక్కేసరికి ఏరూ లేదు, కొండలూ లేవు. 1223 మీటర్ల పొడవు, 70 గేట్లు ఉన్న బ్యారేజీ మీద నా కంటికి ఆనింది ముందు వెళ్తున్న ఆటో ఎర్రలైటు ఒక్కటే. దాన్నే పట్టుకుని మెల్లగా అవతలికి చేరాను. సీతానగరం దగ్గర మైకులో తిరుప్పావై వినపడుతోంది, గుడి మాత్రం కనపడలేదు. బడికి చేరేసరికి స్వెట్టర్ మీద సన్నగా నీళ్ళు పట్టాయి.

హెచ్‌ఎం గారు అప్పటికే ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, మంచు విడిచేదాకా పిల్లల ఆటోలు కదిలించవద్దని. చాలా మంచి పని చేశారు. కరకట్ట రోడ్డు ఎంత ఇరుకో ఆ దారిన తిరిగేవాళ్ళకు తెలుసు. "పది దాటాకే గంట కొడదామండీ, వచ్చిన పిల్లల్ని కాస్త చూస్తూ ఉండండి" అన్నారు.

మా ఎనిమిదో తరగతిలో 41 మంది. వచ్చింది తొమ్మిది మంది, అందరూ నడిచి వచ్చే దూరం వాళ్ళే. సంక్రాంతి సెలవుల్లోపు దిద్దాల్సిన పేపర్ల కట్ట నా బ్యాగులోనే ఉంది, దొరికిందే చాలనుకుని తీశాను. రెండు పేపర్లు దిద్దానో లేదో, వరండాలో పిల్లలు వాదించుకుంటున్నారు. కొండ ఎటువైపు ఉండాలి, ఎవరిల్లు ఎటువైపు, గ్రౌండు చివర వేపచెట్టు ఉందా లేదా అని. పేపర్లు పక్కన పెట్టి బయటికి వచ్చి, "ఇంతకీ ఈ మంచు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను.

ఎవరూ పలకలేదు.

మామూలు రోజైతే ఆ జవాబు నేనే చెప్పేసేదాన్ని. బీఈడీలో మేరీ బడ్ రో అనే ఆమె పరిశోధన గురించి చదువుకున్నాం. 1970ల్లో ఆమె తరగతి గదుల టేపులు విని కనిపెట్టింది ఏమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా నోరు విప్పుతారు. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ పీరియడ్ మొదలయ్యాక హాజరు, హోంవర్కు, నోట్సు, మిగిలిపోయిన సిలబస్ అన్నీ కలిసి తరుముతుంటే ఆ మూడు సెకన్లు ఎక్కడి నుంచి తేవాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం నన్ను తరిమేది ఏదీ లేదు. అందుకని ఊరికే నిలబడ్డాను. మూడు సెకన్లు కాదు, అరనిమిషం పైనే అయి ఉంటుంది.

"పైనుంచి పడుతుంది టీచర్" అంది ఒక అమ్మాయి. ఇంకొకడు మేఘాలు దిగాయన్నాడు. అప్పుడు స్తంభానికి ఆనుకుని ఉన్న ఒక అబ్బాయి, జూన్ నుంచి హాజరుకు తప్ప నా క్లాసులో నోరు తెరవని పిల్లాడు, "కాదు టీచర్, ఏట్లోంచి లేస్తుంది" అన్నాడు.

"నువ్వు చూశావా?"

"మా నాన్నతో వలకి వెళ్తాగా. తెల్లారకముందు నీళ్ళమీద పొగ లేస్తుంది, అన్నం గిన్నె మూత తీసినట్టు. చెయ్యి పెడితే నీళ్ళు వెచ్చగా ఉంటాయి, గాలే చల్లగా ఉంటుంది."

నీళ్ళు ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లబడతాయని, నేల అయితే ఆ రెండూ త్వరగా చేస్తుందని ఎన్నేళ్ళుగానో పాఠం చెబుతున్నాను. విశిష్టోష్ణం అని బోర్డు మీద రాసి, లెక్కలు చేయించి, అక్కడితో వదిలేశాను. ఆ పాఠం సంగతి ఈ పిల్లాడి చేతికి నాకంటే బాగా తెలుసు.

ఆ తర్వాత నేను మాట్లాడింది తక్కువ. ఏటి మీద వాడు చెప్పినట్టే జరుగుతుందని, వెచ్చటి నీటి నుంచి లేచిన ఆవిరి చల్లగాలి తగిలి సన్న చుక్కలవుతుందని చెప్పాను. "మరి మా పూలతోటలో ఏరు లేదుగా టీచర్, అక్కడా మంచు ఉందిగా" అని ఇందాకటి అమ్మాయే అడ్డుకుంది. అడగాల్సిన ప్రశ్న అది! మబ్బు లేని రాత్రి నేల వేడి పైకి పోతుందని, నేలను ఆనుకున్న గాలి చల్లబడితే అందులోని తేమ అక్కడే చుక్కలు కడుతుందని, తోటకు నీళ్ళు పెట్టి ఉంటే ఆ తేమ ఇంకా ఎక్కువని వాళ్ళూ నేనూ కలిసి తేల్చాం. అప్పటికి వేపచెట్టు కనిపించింది. దాని వెనక గోడ, ఆ వెనక కొండ. పిల్లలు ఒక్కొక్కటీ కనపడగానే అరిచి చెప్పారు.

పదింబావుకు ఆటోలు వచ్చాయి, గంట కొట్టారు. పేపర్ల కట్ట అలాగే ఉండిపోయింది, దాన్ని ఆ రాత్రి ఇంట్లో కూర్చుని దిద్దాను.

సాయంత్రం ల్యాబ్‌లోంచి ఒక థర్మామీటరు తీసి ఆ అబ్బాయికి ఇచ్చాను. జాగ్రత్త అని ఒక్కసారే చెప్పాను, వాడు దాన్ని చొక్కా మడతలో చుట్టుకుని తీసుకెళ్ళాడు. మర్నాడు ప్రేయర్ కాకముందే స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పడవలో కాగితం దొరకలేదట, అరచేతిలో పెన్నుతో రాసుకొచ్చాడు. గాలి 17, నీళ్ళు 23. ఆ చెయ్యి తడవకుండా ఇంట్లో ఎడమచేత్తో మొహం కడుక్కున్నాడట.