క్యూ ఎగ్గొట్టడానికి కాదండీ

మావాడికి ఆటిజం. నీళ్లంటే ప్రాణం, క్యూ అంటే నరకం. మొన్న ఆదివారం విజయవాడ దగ్గర ఒక వాటర్ పార్కుకి తీసుకెళ్లాం. కౌంటర్లో యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) చూపించి, "వీడు లైన్లో నిలబడలేడండీ. పక్కన నీడలో కూర్చుంటాం, మా వంతు వచ్చినప్పుడు పిలవండి చాలు" అన్నాను. ఆయన వాణ్ణి ఎగాదిగా చూసి, "బాగానే ఉన్నాడుగా మేడం! వీల్‌చైర్ వాళ్లకైతే చూస్తాం" అన్నాడు.

కనిపించని వైకల్యంతో వచ్చిన చిక్కే ఇది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కు గురించీ అందులో రాశారు. ఇదంతా కౌంటర్ దగ్గర చదివి వినిపించే ఓపిక ఎవరికుంటుంది? అప్పటికే వాడు రెండు చెవులూ మూసుకుని ఊగిపోతున్నాడు, స్పీకర్లో డీజే పాటలు!

అమెరికాలో డిస్నీ పార్కులు ఇలాంటి పిల్లలకి, లైన్లో ఎంతసేపు పడుతుందో దాదాపు అంతసేపటి తర్వాత రమ్మని టైమ్ ఇస్తాయి. మనం అడిగేదీ అంతే, వేరేచోట ఎదురుచూడనివ్వమని.

చివరికి స్లైడ్ దగ్గరున్న కుర్రాడు విషయం విని, "ఆంటీ, మీరు అక్కడ కూర్చోండి, నేను చెయ్యి ఊపుతా" అన్నాడు. ఊపాడు కూడా. మావాడు కేరింతలే కేరింతలు!

ఈసారి ముందే మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసుకుని వెళ్తాను. గుంటూరు, విజయవాడ వైపు ఇలా అడిగి ఒప్పించినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి, ఎవరిని కలిశారో.