చెయ్యి ఆడుతుండగానే రాసుకోవలసిన కాగితాలు

నాన్నకు పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఆయన పోయేవరకు గడిచిన నాలుగు నెలల్లో, ఆయన జబ్బుతో సమానంగా మమ్మల్ని కుంగదీసింది ఆయన సంతకం లేకపోవడం. దాచుకున్న డబ్బంతా ఆయన ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతాలోనే ఉంది. మాట పడిపోయింది, మమ్మల్ని గుర్తుపట్టడం కూడా మానేశారు. జీపీఏ, అంటే ఆయన తరఫున పనులు చేసే అధికారం మాకిచ్చే పత్రం, రాయించుకుందామని తెనాలిలో మాకు తెలిసిన వకీలు గారి దగ్గరికి వెళితే, కాగితంలో ఏముందో గ్రహించలేని మనిషి అధికారం రాసి ఇవ్వలేరని, ఒకవేళ ముందే ఇచ్చి ఉన్నా, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం అది చెల్లకుండా పోతుందని చెప్పారు. అంతకు ఏడాది ముందు బ్యాంకుకు వెళ్ళి, ఆ ఖాతాలో అమ్మ పేరు చేర్చి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు డబ్బు తీసుకునేలా, రాయించి ఉంటే, ఆసుపత్రి బిల్లుల కోసం అమ్మ తన గాజులు తీయవలసి వచ్చేది కాదు. ఆ మాట నాన్నను అడగడానికి నేనే మొహమాటపడ్డాను.

నాన్న వీలునామా రాయలేదు. ఇల్లు ఆయన స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అక్కకు, నాకు సమానంగా మూడు వాటాలు వచ్చాయి. డిపాజిట్లకు అమ్మే నామినీ కాబట్టి ఆ డబ్బు ఆమె సొంతమైపోయిందని బంధువులందరూ అనుకున్నారు. కానీ నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి మాత్రమేనని, హక్కు వారసులందరిదీ అని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసింది. మా ఇంట్లో పేచీ లేదు కాబట్టి అక్క, నేను మా వాటాలను అమ్మకు హక్కు విడుదల దస్తావేజు ద్వారా రాసి ఇచ్చాం. డాలస్‌లో ఉన్న అక్క ఇందుకోసం హ్యూస్టన్ కాన్సులేట్‌లో జీపీఏను ధ్రువీకరింపజేసి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించవలసి వచ్చింది.

అసలు చర్చ ఆ తరువాత మొదలైంది. “ఇప్పుడే పిల్లలిద్దరికీ సెటిల్మెంటు రాసెయ్యి వదినా, పని అయిపోతుంది” అని బాబాయి అమ్మకు సలహా ఇచ్చాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు, కానీ నేను గట్టిగా వద్దన్నాను. సెటిల్మెంటు అంటే బతికి ఉండగానే ఆస్తిని రాసి ఇచ్చేయడం, అది రిజిస్టరైన రోజునే హక్కు చేతులు మారిపోతుంది. వీలునామా అయితే ఆమె తదనంతరమే అమల్లోకి వస్తుంది, ఆమె మనసు మారితే ఎన్నిసార్లైనా తిరగరాసుకోవచ్చు. చూసుకోని పిల్లలకు ఇచ్చిన ఆస్తిని తిరిగి తీసుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కల్పించింది నిజమే. అయితే, పోషించాలనే షరతు మీద ఇచ్చారా లేదా అన్న దగ్గరే ఆ కేసుల్లో వాదమంతా నడుస్తుంది. డెబ్బై దాటిన తల్లి ఆర్డీవో కార్యాలయం మెట్లెక్కి కన్నబిడ్డ మీద ఫిర్యాదు ఇవ్వవలసిన పరిస్థితి అసలు రాకూడదన్నదే నా తాపత్రయం. తప్పనిసరిగా ఇప్పుడే రాసి ఇవ్వాలనుకునేవారు, ఆ షరతును, తాము బతికి ఉన్నంత కాలం ఇంట్లో ఉండే హక్కును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవాలని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఒక ఆదివారం అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, తన పాత నేత చీర ముక్కలో చుట్టిన లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, బయటికి తీసింది. నాన్న ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో సంవత్సరం రాసుకున్నారు. అమ్మ ఆ అంకెలను వేలితో తడుముతూ, “వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు, నిజమేనా నాయనా?” అని అడిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, జవాబు చెప్పలేకపోయాను. కాసేపటికి ఆమే, “సరే, రాద్దాం, మీ నాన్నలా మిమ్మల్ని తిప్పలు పెట్టను” అంది.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కావలసిందల్లా రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. అయినా మేము రిజిస్టర్ చేయించాం. సాక్షిగా నాన్న స్నేహితుణ్ణి పెడదామని అమ్మ అనుకుంది గానీ, ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి. రేపు కోర్టులో నిలబడి చెప్పవలసి వస్తే సాక్షి బతికి ఉండాలి కదా! అందుకే అమ్మకు వైద్యం చేసే డాక్టరు గారిని, ఎదురింటి టీచరు గారిని అడిగాం. ఇద్దరూ ఆమెకన్నా చాలా చిన్నవాళ్ళు, వీలునామాలో ఏ లబ్ధీ లేనివాళ్ళు.

సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తిరిగి వస్తూ ఆటోలో అమ్మ మరో మాట అడిగింది. బాగయ్యే ఆశ లేనప్పుడు తనను గొట్టాలతో పడుకోబెట్టవద్దని కూడా రాసి పెట్టవచ్చా అని. రాయవచ్చు. 2018లో సుప్రీంకోర్టు అందుకు అనుమతించింది, 2023లో విధానాన్ని సులభం చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునంది. అక్క వచ్చే నెల వస్తోంది, ముగ్గురం కూర్చుని ఆ కాగితం రాస్తాం. ఏం రాయాలో అమ్మే చెబుతుంది.