ఎనభై రెండున్నర గీతకు అవతల

ఎనిమిదో తరగతిలో సాంఘిక శాస్త్రం మాస్టారు గోడకి భారతదేశం పటం వేలాడదీసి, పైనుంచి కిందికి సుద్దముక్కతో ఒక గీత గీసేవారు. "ఎనభై రెండున్నర డిగ్రీలు. దేశమంతటికీ టైము ఇక్కణ్ణుంచే. ఈ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుందిరా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా మన ఊరే దేశానికి గడియారం అనిపించేది. ఓసారి గ్రౌండులో కర్ర పాతించి, ఐదేసి నిమిషాలకి నీడ కొలిపించారు. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడే అసలు మధ్యాహ్నమని చెప్పారు.

1994లో పది పూర్తిచేసిన మా బ్యాచ్‌లో ఆరుగురం, పాతికేళ్ళయిందని 2019 జనవరిలో అండమాన్ వెళ్ళాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి పడవెక్కితే పక్కవరసలో శ్రీకాకుళం యాస వినిపించింది. తాతల నాడే వచ్చి స్థిరపడ్డారట. ఆ దీవి పేరు మారి అప్పటికి కొద్దిరోజులే. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు కదా, సరిగ్గా 75 ఏళ్ళకి, అదే తేదీన, దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు ప్రకటించారు. పడవలో అందరూ ఇంకా హేవ్‌లాక్ అనే అంటున్నారు.

జెట్టీ దగ్గర మూడు స్కూటర్లు అద్దెకి తీసుకున్నాం. అక్కడ ముఖ్యమైన దారులు రెండే. ఒకటి తూర్పు ఒడ్డు వెంట కాలాపత్థర్ దాకా, రెండోది అడవి మీదుగా పడమటి ఒడ్డున రాధానగర్‌కి, పన్నెండు కిలోమీటర్లు. గోవిందనగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్... ఊళ్ళ పేర్లన్నిట్లో కృష్ణుడే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకి ఇక్కడ భూములిచ్చి ఊళ్ళు కట్టించారు. పోకచెట్లు, కొబ్బరి, అరటి, మధ్యలో వరిమళ్ళు. కోనసీమలో బండి నడుపుతున్నట్టే ఉంది. అంతలో మలుపు తిరిగామో లేదో అడవి మొదలై, గాలి ఒక్కసారిగా చల్లబడింది. వేళ్ళు గోడల్లా పైకి లేచిన మహావృక్షాలు, తడి ఆకుల వాసన. మోకాళ్ళకి, మెడకి తగిలే ఆ చల్లదనం కారులో అద్దాలెత్తి కూర్చున్నవాళ్ళకి దొరకదు. అందుకే ఎవరడిగినా స్కూటరే తీసుకోమంటాను.

మొదటి సాయంత్రం తాపీగా టీ తాగి, సూర్యాస్తమయం చూద్దామని రాధానగర్ బయల్దేరాం. చేరేసరికి ఐదున్నర. కాకినాడలో ఆ వేళకి జనవరిలో కూడా ఇంకా వెలుతురుంటుంది. ఇక్కడ మాత్రం సూర్యుడు మునిగిపోయి, జనం చెప్పులు దులుపుకుని తిరిగొస్తున్నారు. మాలో ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చునేవాడు ఇసుకలో నిలబడి, "ఈ దీవి ఉన్నది తొంభై మూడు డిగ్రీల దగ్గర. అందులోంచి ఎనభై రెండున్నర తీసెయ్యి... పదిన్నర. డిగ్రీకి నాలుగు నిమిషాలు... నలభై రెండు" అన్నాడు. ఆరుగురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ సుద్దగీతని దాటి అంత తూర్పుకి వచ్చామని నాకు ఒంటికి తెలిసింది అప్పుడే. చీకట్లో అడవి దారిన మూడు లైట్లూ వరసగా పెట్టుకుని నెమ్మదిగా తిరిగొచ్చాం. వెనకబండి మీదవాడు మలుపు మలుపుకీ "ఒరేయ్, ఉన్నాం" అని కేకేస్తూనే ఉన్నాడు.

మర్నాడు కాలాపత్థర్ ఒడ్డున, పదకొండింటికల్లా, కొట్టుకొచ్చిన కర్ర ఒకటి పొడి ఇసుకలో నిటారుగా పాతాం. నీడ కొసన ఐదేసి నిమిషాలకి ఒక గవ్వ పెడుతూ వెళ్ళాం. పదకొండున్నర దగ్గర నీడ కురచవడం ఆగిపోయి, మళ్ళీ సాగడం మొదలైంది. నలభై దాటిన ఆరుగురం ఆ గవ్వల చుట్టూ గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాం. ఆ సాయంత్రం మూడున్నరకే రాధానగర్‌లో ఉన్నాం. పొద్దుగుంకడం తనివితీరా చూశాం.

పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చాక మాస్టారికి ఫోన్ చేసి అంతా చెప్పాం. ఓపిగ్గా విన్నారు. "బాగుందిరా. మరి బడిలో మనం కొలిచింది ఏ నెల్లో? సూర్యుడు ఏడాదంతా గడియారం ప్రకారం నడవడు. పావుగంట దాకా అటూ ఇటూ తేడా వస్తుంది. తేదీ తెలియకుండా రెండూ ఎలా పోలుస్తారు?" అన్నారు.

మా ఆరుగురిలో ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు గ్రౌండులో కొలతలు రాసుకున్న నోటుబుక్కు మన బ్యాచ్‌లో ఎవరింటి అటకమీదైనా ఉంటే, దయచేసి తేదీ చూసి చెప్పండి. మాస్టారు ఇంకా అడుగుతున్నారు.