పక్కవాళ్లను వింటూ గిటార్ వాయించడం: నా అనుభవం

వీడియోలు చూసి ఇంట్లో గిటార్ నేర్చుకున్నంత కాలం పాట మన కోసం ఆగుతుంది. కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) దొరక్కపోతే వెనక్కి జరిపి మళ్లీ వాయించుకోవచ్చు. మా చర్చిలో ఆదివారం ఆరాధనకి వాయించడం మొదలుపెట్టాక ఆ సుఖం పోయింది. అక్కడ కీర్తనలకి హార్మోనియం, కొత్త పాటలకి కీబోర్డు, రెండిటికీ తబలా.

ముందు శ్రుతి సంగతి. ఫోన్‌లో ట్యూనర్ (శ్రుతి చూపించే యాప్) 'ఎ' స్వరానికి 440 హెర్ట్జ్, అంటే సెకనుకి 440 కంపనాలు, అన్న లెక్కన చెబుతుంది. మా పాత హార్మోనియం దానికి కాస్త పైన పలుకుతుంది. దాని రీడ్లను అప్పటికప్పుడు ఎవరూ సవరించలేరు, సర్దుకోవాల్సింది గిటారే. అందుకని కీర్తనల ముందు ట్యూనర్ పక్కన పెట్టి, హార్మోనియం మీద ఒక స్వరం పట్టి ఉంచమని అడుగుతాను. దానితో తీగను మీటితే శబ్దం సన్నగా ఊగుతుంది. 440, 442 కలిసి మోగితే సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. తీగ దగ్గరపడేకొద్దీ ఊగు నిదానించి ఆగిపోతుంది. ఇది చెవికి పట్టుబడ్డాక, కాపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే బిగింపు) బిగించినప్పుడు తీగలు కొంచెం పైకి జరగడం కూడా వినపడసాగింది.

తాళం దగ్గరే ఎక్కువ కాలం పట్టింది. తబలా మాస్టారు ఒకరోజు, "బాబూ, నా కుడిచెయ్యి వదిలెయ్, డగ్గా విను" అన్నారు. డగ్గా అంటే తబలా జతలో ఎడమచేత్తో వాయించే పెద్దది. కహర్వా తాళానికి ఎనిమిది మాత్రలు (లెక్కలు): ధా గె నా తి, న క ధి న. మొదటి సగంలో డగ్గా గుమ్మని మోగుతుంది, రెండో సగం మొదట్లో ఆ గుమ్మనడం ఉండదు. ఆ ఖాళీ వినిపించిందంటే ఐదో మాత్రలో ఉన్నట్టే. నోటితో లెక్కపెట్టడం నాకు అక్కడితో తప్పింది. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) తగ్గించి, డగ్గా మోగని చోట నేనూ చెయ్యి ఆపి చూశాను. పాట ఒక్కసారిగా తేలికపడింది.

కొత్త పాటల్లో ఇబ్బంది వేరు. ఆరు తీగల జి కార్డ్ అడుగు స్వరం 98 హెర్ట్జ్. కీబోర్డు ఎడమచెయ్యి కూడా అక్కడే తిరుగుతుంది, ఇద్దరం కలిస్తే పప్పుగుత్తి పెట్టి మెదిపినట్టే. అందుకని గిటార్ మెడ మీద ఐదో గడిలో, అంటే ఐదో ఫ్రెట్‌లో కాపో పెట్టి డి కార్డ్ వేళ్ల ఆకారం పడతాను. పలికేది జి కార్డే, కానీ కీబోర్డుకి పైన, దాని దారికి అడ్డు రాకుండా. ఇంకో లాభం, కీబోర్డు అన్న ఎడమచెయ్యి స్పష్టంగా వినపడుతుంది. తెలియని పాటలో కార్డ్ మారేది ముందు అక్కడే తెలుస్తుంది.

రిహార్సల్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసేటప్పుడు దాన్ని హాలు చివర బెంచీ మీద పెట్టడం మంచిది. గిటార్ పక్కన పెడితే అందులో వినపడేది మనమే. ఇంటికెళ్లాక ఒకసారి తబలా ఒక్కటే, ఇంకోసారి పాడే అక్క ఊపిరి తీసుకునే చోట్లు మాత్రమే వింటాను. ఇది విసుగు పని, దాచడం ఎందుకు!

ఆదివారం మాత్రం ఒక చిత్రం ఉంటుంది. ముప్పై నాలుగు మీటర్ల దూరం దాటడానికి శబ్దానికి సెకనులో పదో వంతు పడుతుంది. వెనక వరుసల పాట వేదిక దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది, దాన్ని అందుకోబోతే నడక ఈడ్చుకుపోతుంది. అందుకే మాస్టారి పక్కనే, డగ్గా వైపు కూర్చుంటాను.